పోగుకూ రెజిన్‌కూ నడుమ: కాంపోజిట్ల గణనలో బౌండరీ ఎలిమెంట్ పద్ధతి

తేజస్ యుద్ధవిమానం నిర్మాణ బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే. బోయింగ్ 787లో ఆ వాటా 50 శాతం. గాలిమరల రెక్కలు, హైదరాబాద్‌లోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ అగ్ని క్షిపణుల కోసం అభివృద్ధి చేసిన రాకెట్ మోటారు కేసింగులు, పరుగుపందేల సైకిళ్లు అన్నిటిలోనూ సూత్రం ఒక్కటే: సన్నని గట్టి పోగులను మెత్తని రెజిన్‌లో పొదగడం. భారం మోసేది పోగు. ఆ భారాన్ని పోగుకు అందించేదీ, పోగులన్నిటినీ ఒక కట్టుగా నిలిపేదీ రెజిన్. రెండూ కలిసే చోట పట్టు సడలితే రెండింటి బలమూ వృథా అవుతుంది.

ఈ పదార్థం ఎంత భారానికి ఎంత సాగుతుందో, ఎక్కడ మొదట విచ్చుకుంటుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టే ప్రయత్నం దశాబ్దాలుగా సాగుతోంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, అంటే ఎఫ్ఈఎం, ఆ దారిలో రాజమార్గమైంది. దాని పక్కనే బౌండరీ ఎలిమెంట్ పద్ధతి, అంటే బీఈఎం, తక్కువ మందితోనే అయినా పట్టు వదలకుండా నడిచింది. కాంపోజిట్‌లో తేలాల్సిన విషయమంతా పోగు ఉపరితలం మీదే ఉంది కాబట్టి ఉపరితలాన్నే పట్టుకునే పద్ధతి దీనికి సహజమైనదని ఒక పక్షం అంటుంది. అసలు పదార్థం సరళరేఖలా నడుచుకోదు, రెజిన్ లొంగుతుంది, చిట్లుతుంది, కాబట్టి ఆ పద్ధతి పాఠ్యపుస్తకాల సమస్యలకే పనికొస్తుందని మరో పక్షం అంటుంది. ఈ వాదం ఎక్కడ పుట్టింది, ఏయే పాయలుగా చీలింది, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది వరుసగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్క ఎంత పెద్దది?

కార్బన్ పోగు వ్యాసం సాధారణంగా 5 నుంచి 7 మైక్రోమీటర్లు, మన తలవెంట్రుకలో ఇంచుమించు పదో వంతు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం ఉన్న ఒక్క పొరను సెంటీమీటరు వెడల్పున కోసి, కోసిన అంచును చూద్దాం. ఘనపరిమాణంలో 60 శాతం పోగులు, ఒక్కోటి 7 మైక్రోమీటర్లు అనుకుంటే ఆ అంచులో 19 వేలకు పైగా పోగుల కొనలు కనిపిస్తాయి. అది ఒక్క పొర. నిజమైన రెక్కలో అలాంటివి డజన్ల కొద్దీ ఉంటాయి.

ఇదే పదార్థంతో చేసిన పాచికంత ముక్కను, అంటే ఒక ఘన సెంటీమీటరును తీసుకుందాం. దాని బయటి ముఖాల మొత్తం వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లే. లోపల పోగులన్నిటి ఉపరితలాలనూ కలిపితే దాదాపు 3,400 చదరపు సెంటీమీటర్లు తేలుతుంది. దినపత్రికను విప్పి నేల మీద పరిస్తే ఎంత చోటు పడుతుందో ఇంచుమించు అంత. పోగూ రెజినూ అతుక్కున్న తలమే ఈ పదార్థానికి గుండెకాయ అని ఈ లెక్క చెబుతుంది. సరిహద్దును మాత్రమే గణిస్తే పని తేలిక అనే మాట ఇక్కడ తేలిగ్గా చెల్లదనీ ఇదే లెక్క చెబుతుంది, ఎందుకంటే ఇక్కడ సరిహద్దే విపరీతంగా పెద్దది. బీఈఎంను మెచ్చేవారి వాదమూ తోసిపుచ్చేవారి వాదమూ ఈ ఒక్క అంకె నుంచే పుట్టాయి.

దిశను బట్టి గుణం మారడం ఇంకో చిక్కు. సాగకుండా నిలిచే గట్టితనాన్ని చెప్పే యంగ్ గుణకం గాజు పోగుకు సుమారు 72 గిగాపాస్కల్‌లు, ఎపాక్సీ రెజిన్‌ది సుమారు 3. పోగులు 60 శాతం ఉన్నప్పుడు పోగు వెంబడి లాగితే సగటు గుణకం 44 గిగాపాస్కల్‌ల దాకా వస్తుంది. అడ్డంగా లాగితే కనిష్ఠ అంచనా 7 మాత్రమే. అడ్డం దిక్కున అసలు విలువ పోగులు ఎలా సర్దుకున్నాయి, రెజిన్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. గణన అవసరం అక్కడే మొదలవుతుంది.

చరిత్ర: ఒకే ఊట, రెండు పాయలు

మొదటి పాయ పదార్థాల వైపు నుంచి వచ్చింది. మిశ్రమంలోని భాగాలన్నీ ఒకే వికృతికి లోనవుతాయని 19వ శతాబ్దం చివర ఫోక్ట్ అనుకున్నాడు. అన్నీ ఒకే ప్రతిబలాన్ని మోస్తాయని 1929లో రాయిస్ అనుకున్నాడు. ఈ రెండూ నిజమైన విలువకు పై హద్దూ కింది హద్దూ అవుతాయని 1952లో హిల్ చూపించాడు. పొట్టి పోగులోకి భారం దాని పక్కల వెంబడి కోత బలంగా ఎలా ఎక్కుతుందో అదే ఏడాది కాక్స్ వివరించాడు. అనంత మాధ్యమంలో పొదిగిన దీర్ఘవృత్తజ ఆకారపు ముక్కలో వికృతి అంతటా ఒకేలా ఉంటుందని ఎషెల్బీ 1957లో నిరూపించాడు. ఈ రంగానికి అది మూలస్తంభం. ఆ తరువాత హషిన్, ష్ట్రిక్‌మన్‌లు 1963లో హద్దులను మరింత బిగించారు. పోగులు ఒకదాని ప్రభావంలో ఇంకొకటి ఉండే తీరును మోరి, తనాకాలు 1973లో సగటు రూపంలో లెక్కలోకి తెచ్చారు.

రెండో పాయ గణితం వైపు నుంచి వచ్చింది. అనంతమైన ఘనపదార్థంలో ఒక్క బిందువు దగ్గర నెడితే మిగతా బిందువులన్నీ ఎంతెంత కదులుతాయో కెల్విన్ 1848లో చెప్పాడు. బెట్టీ 1872లో అన్యోన్యతా సిద్ధాంతం ఇచ్చాడు. ఆ రెండింటినీ కలిపి, వస్తువు ఉపరితలం మీది స్థానభ్రంశం, బలం తెలిస్తే లోపల ఎక్కడైనా ఏం జరుగుతుందో చెప్పే సూత్రాన్ని 1880లలో సోమిలియానా రాశాడు. కంప్యూటర్లు వచ్చాక 1963లో జాస్వన్, సిమ్ సమాకలన సమీకరణాలను సంఖ్యాత్మకంగా సాధించే దారి తెరిచారు. 1967లో రిజ్జో దాన్ని స్థితిస్థాపకతకు వర్తింపజేశాడు. 1969లో క్రూజ్ మూడు పరిమాణాలకు విస్తరించాడు. 1978లో బ్రెబియా పుస్తకంతో బౌండరీ ఎలిమెంట్ అన్న పేరు ఇంజనీర్లలో స్థిరపడింది. అప్పటికే, 1960లో క్లఫ్ పేరు పెట్టిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి పరిశ్రమల్లో వేళ్లూనుకుంది.

ఈ రెండు పాయలూ వేర్వేరు శాఖల్లో పెరిగినా వాటి ఊట ఒక్కటే. ఎషెల్బీ తన ఫలితాన్ని రాబట్టింది కెల్విన్ పరిష్కారాన్ని ఆధారం చేసుకునే. ఒక బిందువు దగ్గరి బలానికి వచ్చే ప్రతిస్పందనను పోగుచేస్తూ పోవడమే రెండింటి కిటుకు. కాంపోజిట్లకు బీఈఎం బయటినుంచి తెచ్చి అతికించిన పనిముట్టు అనే అభిప్రాయం అందువల్ల చరిత్రకు పొసగదు.

పద్ధతి పని చేసే తీరు

ఎఫ్ఈఎం వస్తువు లోపలంతా చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ప్రతి ముక్కా పక్క ముక్కలతో మాత్రమే మాట్లాడుతుంది కాబట్టి సమీకరణాల మాత్రిక చాలా వరకు సున్నాలతో నిండి ఉంటుంది. బీఈఎం ఉపరితలాన్ని మాత్రమే ముక్కలు చేస్తుంది. అయితే ఉపరితలం మీది ప్రతి ముక్కా మిగతా అన్ని ముక్కలతోనూ మాట్లాడుతుంది. మాత్రికలో సున్నాలు ఉండవు. తెలియని రాశులు తక్కువే కానీ వాటి నడుమ సంబంధాలు దట్టం.

దాని ఖరీదు చూద్దాం. తెలియని రాశులు 10 వేలు ఉంటే మాత్రిక 800 మెగాబైట్లు పడుతుంది. లక్ష ఉంటే 80 గిగాబైట్లు. కోటి ఉంటే 800 టెరాబైట్లు. 1980లలో, 90లలో బీఈఎం కాంపోజిట్ గణనలు కొద్దిపాటి పోగుల దగ్గరే ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ప్రతిఫలం మాత్రం విలువైనది. కెల్విన్ పరిష్కారంలో స్థానభ్రంశం దూరానికి విలోమంగా, ప్రతిబలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఈ స్వభావం సమీకరణాల్లోనే ఇమిడి ఉండటం వల్ల ప్రతిబలం నిటారుగా పెరిగే చోట కూడా ఉపరితల విలువలు నిక్కచ్చిగా వస్తాయి. పోగు అంచున అతుకు తలం మీది బలం బీఈఎంలో నేరుగా తెలియని రాశే. ఎఫ్ఈఎంలో ముందు స్థానభ్రంశాలు కనుక్కుని, వాటి అవకలనం నుంచి ప్రతిబలాన్ని రాబట్టాలి. ఆ మెట్టు దగ్గర కొంత నాణ్యత పోతుంది.

ఒక్క పోగు దగ్గర ఆగి చూస్తే

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక్క పోగు చాలు చెప్పడానికి. రెజిన్‌లో ఒంటరి పోగు ఉంది, దాన్ని అడ్డంగా లాగుతున్నాం. పోగు గట్టిది, రెజిన్ మెత్తనిది. అతుకు తలం మీద లాగుడు ఎక్కువగా పడేది లాగే దిక్కుకు ఎదురుగా ఉన్న రెండు చోట్ల. ఆ చోట మొదలైన ఊడుడు పోగు చుట్టూ వంపు తిరుగుతూ పాకుతుంది. స్పెయిన్‌లోని సెవిల్ విశ్వవిద్యాలయంలో పారిస్, మాంటిచ్, కొరియా బృందం బీఈఎంతో ఈ పాకుడును అడుగడుగునా గణించింది. లాగే దిక్కు నుంచి 60, 70 డిగ్రీల దాకా పగులు అతుకు వెంబడే సాగి, ఆ తరువాత రెజిన్‌లోకి మళ్లుతుందని వారి గణనలు చూపాయి. అలా మళ్లిన పగుళ్లు పక్క పోగుల దగ్గరి పగుళ్లతో కలిస్తే పొరంతా అడ్డంగా చీలుతుంది.

రెండు వేర్వేరు పదార్థాల నడుమ పగులు కొన దగ్గర గణితం విచిత్రంగా నడుస్తుంది. ప్రతిబలం అక్కడ అనంతానికి పోతూనే ధనం, రుణం మధ్య ఊగిసలాడుతుందని విలియమ్స్ 1959లోనే చూపించాడు. ఆ ఊగిసలాటను అక్షరాలా తీసుకుంటే పగులు రెండు ముఖాలూ ఒకదానిలోకి ఒకటి దూసుకుపోవాలి, అది అసాధ్యం. కొన దగ్గర ముఖాలు ఒకదానికొకటి ఆనుకునే చిన్న ప్రాంతం ఉంటుందని 1977లో కోమ్నినూ ప్రతిపాదించి ఆ చిక్కును తీర్చింది. ఆనుకోవడం ఉపరితలం మీది సంగతి. తెలియని రాశులన్నీ ఉపరితలం మీదే ఉండే పద్ధతికి ఇలాంటి సమస్య చేతికి అందినట్టు ఉంటుంది. బీఈఎం పక్షం వాదానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ లేదు.

నాలుగు ఆలోచనా ధోరణులు

*పోగు పోగునూ విడిగా గణించే ధోరణి.* పోగునూ రెజిన్‌నూ వేర్వేరు ప్రాంతాలుగా తీసుకుని అతుకు తలం మీద స్థానభ్రంశం, బలం సరిపోయేలా చూడటం అందరికంటే ముందు నడిచిన దారి. అమెరికాలోని బఫలోలో ప్రశాంత బెనర్జీ, హెన్రీ 1990ల మొదట్లో దీనికి ఒక చక్కని మెరుగు దిద్దారు. పోగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి చుట్టుకొలత వెంబడి మార్పును త్రికోణమితి ప్రమేయాలతో రాస్తే, ఒక్కో పోగుకూ దాని నిడివి వెంబడి కొన్ని బిందువులు చాలు. ముక్కలు చేసే పని ఎంతో తగ్గింది. పోగు ఆకారం గురించి మనకు ముందే తెలిసినదాన్ని సమీకరణాల్లోకి ఎక్కించడం ఈ ధోరణి బలం. పోగుల సంఖ్య పెరిగితే దట్టమైన మాత్రిక భారం తప్పకపోవడం దాని బలహీనత.

*అతుకు తలాన్నే కథానాయకుడిగా చూసే ధోరణి.* పోగూ రెజినూ సంపూర్ణంగా అతుక్కున్నాయన్న ఊహ నిజానికి దూరం. అఖెన్‌బాఖ్, ఝూ 1989లో అతుకు తలాన్ని సన్నని స్ప్రింగుల వరుసలా తీసుకుని బీఈఎంతో గణించారు. స్ప్రింగు మెత్తబడితే పోగు మీద ప్రతిబలం ఎలా సర్దుకుంటుందో, ఏ దశలో తెగుతుందో చూపించారు. 2000లో లియు, షు, లువో స్ప్రింగుల బదులు నిజమైన పలచని పొరనే నమూనాలో పెట్టారు. దానికి గణిత మూల్యం ఉంది. పొర రెండు ముఖాలూ అతి దగ్గరగా ఉన్నప్పుడు సమాకలనాలు దాదాపు అనంతానికి ఎగబాకుతాయి, మామూలు సంఖ్యా సూత్రాలు తప్పు సమాధానాలు ఇస్తాయి. వాటిని ప్రత్యేకంగా రూపాంతరం చేసి సాధించాల్సి వచ్చింది. సెవిల్ బృందం 2011 నాటికి స్ప్రింగుల ఆలోచనను పెళుసుగా తెగే అతుకుగా మలిచి, పగులు పుట్టడాన్నీ పెరగడాన్నీ ఒకే నమూనాలో చూపింది.

*పోగుల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకున్న ధోరణి.* 1987లో గ్రీన్‌గార్డ్, రోఖ్లిన్ ప్రచురించిన ఫాస్ట్ మల్టీపోల్ పద్ధతి దట్టమైన మాత్రిక గోడను బద్దలుకొట్టింది. దాని ఆలోచన మన తపాలా వ్యవస్థను తలపిస్తుంది. శ్రీకాకుళంలోని ప్రతి ఇంటి నుంచీ ఆదిలాబాద్‌లోని ప్రతి ఇంటికీ ఒక మనిషిని పంపం. ఉత్తరాలను ఒక చోట మూటగట్టి, మూటను పంపి, అక్కడ విడదీసి పంచుతాం. అలాగే దూరంగా ఉన్న పోగుల గుంపు ప్రభావాన్ని ఒక్క మూటగా చేసి పంపి, దగ్గరివాటిని మాత్రమే విడివిడిగా లెక్కిస్తారు. పని రాశుల సంఖ్య వర్గానికి బదులు దాదాపు ఆ సంఖ్యకే అనుపాతంలో పెరుగుతుంది.

2005లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన లియు, జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన నిషిమురా, ఒటాని బృందం ఈ కిటుకుకు మరో సరళీకరణను జోడించింది. పోగు రెజిన్ కంటే ఎంతో గట్టిది కాబట్టి అది అసలు వంగదు, సాగదు, మొత్తంగా కదులుతుంది, తిరుగుతుంది అంతే అనుకుంటే ఒక్కో పోగు కదలికకు ఆరు అంకెలు చాలు. సమాకలన సమీకరణంలో బలమైన విశిష్టత ఉన్న, అంటే విలువ అనంతానికి ఎగబాకే భాగమే మాయమైపోతుంది. ఈ దారిలో 5,800కు పైగా పోగులను, కోటికి పైగా తెలియని రాశులను వారు గణించారు. అంతకుముందు ఊహకందని స్థాయి అది. 1999లో హాక్‌బుష్ ప్రతిపాదించిన శ్రేణీకృత మాత్రికలు, 2000లో బేబెన్‌డోర్ఫ్ ఇచ్చిన అడాప్టివ్ క్రాస్ అప్రాక్సిమేషన్ ఇదే గోడను వేరే వైపు నుంచి కూల్చాయి. అవి కెల్విన్ సూత్రం లోపలి నిర్మాణం తెలియకపోయినా పని చేస్తాయి కాబట్టి పాత ప్రోగ్రాములకు తగిలించడం సులువు.

ఈ ధోరణి ఘనతను ఒప్పుకుంటూనే ఒక హెచ్చరిక చేయాలి. వంగని పోగు అనే ఊహ పొట్టి పోగులకు, అతి గట్టి నానోట్యూబులకు కొంతవరకు సరిపోతుంది. పోగు పొడవు పెరిగేకొద్దీ దాని సాగుడు లెక్కలోకి వస్తుంది. పైగా కార్బన్ పోగు నిలువునా 230 గిగాపాస్కల్‌ల గుణకం చూపినా అడ్డంగా 15 గిగాపాస్కల్‌ల దరిదాపుల్లోనే ఉంటుంది. రెజిన్‌తో పోలిస్తే అది అయిదింతలే. అడ్డపు లాగుడులో కార్బన్ పోగును వంగనిదిగా తీసుకోవడం సమర్థించలేని పని.

*పోగులను కరిగించి చూసే ధోరణి.* నాలుగో పక్షం పోగులను విడిగా చూడదు. పొరంతా ఒకే పదార్థం, కాకపోతే దిశను బట్టి గుణం మారే విషమదైశిక పదార్థం అనుకుంటుంది. పలకకు రంధ్రం పెడితే, బోల్టు బిగిస్తే, పగులు వస్తే ఏమవుతుందన్న ప్రశ్నలకు ఇదే తగిన స్థాయి. రెండు పరిమాణాల్లో లెఖ్‌నిట్‌స్కీ, స్ట్రో సంకీర్ణ సంఖ్యలతో సూత్రాలను అందించారు. పగులు ఉనికిని మూల పరిష్కారంలోనే ఇమిడ్చి, పగులును ముక్కలు చేసే పనే లేకుండా 1975లో స్నైడర్, క్రూజ్ విషమదైశిక పలకలను సాధించారు. పగులు రెండు ముఖాలకూ రెండు వేర్వేరు సమీకరణాలు రాసే ద్వంద్వ బీఈఎంను 1992లో పోర్టెలా, అలియాబాదీ, రూక్ ఇచ్చారు. మూడు పరిమాణాల్లో మాత్రం కెల్విన్ సూత్రమంత సరళమైన విషమదైశిక సూత్రం లేదు. 1973లో వోగెల్, రిజ్జో సమాకలన రూపంతో సరిపెట్టుకున్నారు. 1997లో టింగ్, లీ ఇచ్చిన స్పష్ట రూపం భారాన్ని తగ్గించినా తీసివేయలేదు.

ఎదుటి పక్షం: ఎఫ్ఈఎం, ఎఫ్ఎఫ్‌టీ

ఎఫ్ఈఎం పక్షం వాదం సూటిగా ఉంటుంది. రెజిన్ కోత బలానికి లొంగుతుంది, తేమకు ఉబ్బుతుంది, కాలంతో జారుతుంది, సన్నని పగుళ్లతో మెత్తబడుతుంది. వీటిని గణించాలంటే వస్తువు లోపల ప్రతి బిందువు చరిత్రనూ గుర్తుంచుకోవాలి. బీఈఎంలో అలా చేయాలంటే లోపలంతా ముక్కలు చేసి ఘనపరిమాణ సమాకలనాలు చేర్చాలి. అప్పుడు ఉపరితలం చాలు అన్న మూల ప్రయోజనం చేజారుతుంది. ఎఫ్ఈఎంకు ఇది నిత్యకృత్యం. ఇంజనీర్లకు అలవాటైన అబాకస్, ఆన్సిస్ వంటి సాఫ్ట్‌వేర్లన్నీ దాని మీదే నిలిచాయి. ఈ వాదంలో పస ఉంది, దాన్ని ఒప్పుకోవాలి.

మూడో పోటీదారు 1994లో ఫ్రాన్స్‌లో మూలినెక్, సుకే ప్రతిపాదించిన ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్, అంటే ఎఫ్ఎఫ్‌టీ పద్ధతి. సూక్ష్మదర్శిని చిత్రంలోని చుక్కల గడినే గణన గడిగా వాడుకుంటుంది, ముక్కలు చేసే పనే ఉండదు. గుర్తించాల్సిన విషయం ఏమంటే, ఈ పద్ధతి గుండెలో ఉన్నది కూడా గ్రీన్ ప్రమేయంతో, అంటే ఒక బిందువు దగ్గరి బలానికి వచ్చే ప్రతిస్పందనతో రాసిన సమాకలన సమీకరణమే. పోటీదారు అనుకున్నది నిజానికి బీఈఎంకు దాయాది. కెల్విన్ ఊట నుంచి వచ్చిన మూడో పాయ అది.

తులనాత్మక సారాంశం

- అతుకు తలం మీది ప్రతిబలం, ఊడుడు, పగులు కొన: బీఈఎం ముందుంటుంది. తక్కువ రాశులతో ఎక్కువ నిక్కచ్చితనం ఇస్తుంది.
- వేల పోగుల సగటు దృఢత్వం, సరళ ప్రవర్తన: ఫాస్ట్ మల్టీపోల్ బీఈఎం, ఎఫ్ఎఫ్‌టీ రెండూ సమర్థమే. ఆవర్తనంగా పునరావృతమయ్యే నమూనాకు, నేరుగా చిత్రం నుంచి తీసిన నమూనాకు ఎఫ్ఎఫ్‌టీ తేలిక. వస్తువు అనంతంగా లేదా పాక్షికంగా అనంతంగా పరుచుకున్నప్పుడు బీఈఎం తేలిక.
- రెజిన్ లొంగడం, నష్టం పేరుకోవడం: ఎఫ్ఈఎం, ఎఫ్ఎఫ్‌టీలదే పైచేయి.
- కాలంతో సాగే సరళ స్నిగ్ధస్థితిస్థాపకత: లాప్లాస్ రూపాంతరంతో బీఈఎం చక్కగా నిభాయిస్తుంది.
- పొరల పలకలో రంధ్రం, బోల్టు, పగులు: రెండు పరిమాణాల్లో విషమదైశిక బీఈఎం గట్టి పనిముట్టు. మూడు పరిమాణాల్లో ఖర్చు ఎక్కువ.
- సాఫ్ట్‌వేర్ అందుబాటు, నేర్చుకునే వీలు, తెలిసిన మనుషులు: ఎఫ్ఈఎంకు సాటి లేదు.

ఇంకా తేలనివి

మొదటిది, అతుకు తలం గుణాలు. స్ప్రింగు గట్టితనం, తెగే బలం, తెగడానికి పట్టే శక్తి నమూనాలో పెట్టాల్సిన అంకెలు. వాటిని ప్రయోగం నుంచి తేవాలి. పోగును రెజిన్ చుక్కలోంచి లాగే పరీక్ష, పోగును నెట్టే పరీక్ష, పోగు ముక్కలయ్యే తీరును చూసే పరీక్ష ఒకే జతకు ఒకే అంకెను ఇవ్వవు. గణన ఎంత నిక్కచ్చిగా ఉన్నా లోపలికి పెట్టిన అంకె ఊగిసలాడితే ఫలితమూ ఊగుతుంది. ఈ రంగంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే.

రెండోది, నమూనా ముక్క ఎంత ఉండాలి? పోగులు 60 శాతం ఉండి తేనెపట్టులా క్రమంగా సర్దుకుంటే రెండు పోగుల నడుమ ఎడం వ్యాసంలో దాదాపు నాలుగో వంతు, అంటే 7 మైక్రోమీటర్ల పోగులకు 1.6 మైక్రోమీటర్లు ఉంటుంది. నిజమైన పొరలో అంత క్రమం ఉండదు. కొన్ని చోట్ల పోగులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, కొన్ని చోట్ల రెజిన్ మడుగులు ఏర్పడతాయి. సగటు దృఢత్వానికి కొన్ని పదుల పోగుల ముక్క చాలని అనేక గణనలు సూచించాయి. తెగే బలం సగటును పట్టించుకోదు. అది అన్నిటికంటే బలహీనమైన చోటును వెతుక్కుంటుంది. ముక్కను పెద్దది చేసేకొద్దీ ఇంకా బలహీనమైన చోటు దొరుకుతూనే ఉంటుంది. బలానికి ప్రాతినిధ్యం వహించే ముక్క అనేది అసలు ఉందా అన్నది ఇంకా వాదంలోనే ఉంది. పోగులు దాదాపు తాకే చోట బీఈఎం సమాకలనాలు కూడా కష్టపెడతాయి. కాబట్టి భౌతికంగా ప్రమాదకరమైన చోటే గణితపరంగానూ ప్రమాదకరమైనది.

మూడోది, గణన నిక్కచ్చితనం వేరు, అంచనా నిక్కచ్చితనం వేరు. కాంపోజిట్లు ఎప్పుడు తెగుతాయో చెప్పే సిద్ధాంతాలన్నిటినీ ఒకే ప్రయోగ సమాచారంతో పరీక్షించిన ప్రపంచ స్థాయి పోలిక 1990లలో హింటన్, కద్దూర్, సోడెన్ చేతుల మీదుగా మొదలై, 2004లో దాని తొలి దశ ముగిసింది. పేరున్న సిద్ధాంతాలు కూడా ఒకదానితో ఒకటి చాలా చోట్ల విభేదించాయి. సమీకరణాన్ని ఎంత బాగా సాధించామన్న తృప్తి, సరైన సమీకరణాన్ని ఎంచుకున్నామా అన్న ప్రశ్నను మరుగుపరచకూడదు.

నాలుగోది, ఆకారాలు. నేసిన బట్టలా ఉండే పోగుల అల్లికలు, మెలికలు తిరిగిన పొరలు వాడుకలోకి వచ్చాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ వస్తువును ఉపరితలాలతోనే వర్ణిస్తుంది. 2005లో హ్యూస్ బృందం మొదలుపెట్టిన ఐసోజామెట్రిక్ ఆలోచన ఆ ఉపరితల వర్ణననే గణనకు వాడుకుంటుంది. ఉపరితలంతోనే పని చేసే బీఈఎంకు ఇది అచ్చంగా సరిపోయే జత. అల్లికల స్థాయిలో ఇది ఎంతవరకు నిలబడుతుందో ఇంకా తేలాలి.

తీర్పు

బీఈఎం గెలిచిందా, ఎఫ్ఈఎం గెలిచిందా అని అడగడమే ఈ వాదాన్ని ఇన్నాళ్లు చిక్కుముడిగా ఉంచింది. ఏ ప్రశ్నకు ఏ పద్ధతి అన్నదే అడగాల్సింది. పోగు ఊడుతుందా, ఎక్కడ ఊడుతుంది, ఊడిన పగులు ఎటు మళ్లుతుంది అన్న ప్రశ్నలకు బీఈఎం ఇప్పటికీ అన్నిటికంటే నమ్మదగిన దారి. రెజిన్ లొంగిన తరువాతి కథకు ఎఫ్ఈఎం, ఎఫ్ఎఫ్‌టీల దగ్గరికి వెళ్లాలి. రెండింటినీ కలిపి, లొంగే చోట ఎఫ్ఈఎం, దాని చుట్టూ బీఈఎం పెట్టడం దశాబ్దాల నాటి ఆలోచనే. దానికి దక్కాల్సిన ఆదరణ ఇంకా దక్కలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఎఫ్ఈఎం పొరపాటు పడే తీరు వేరు, బీఈఎం పొరపాటు పడే తీరు వేరు. ఒకటి లోపలి ముక్కల పరిమాణం దగ్గర తడబడుతుంది, మరొకటి ఉపరితల సమాకలనాల దగ్గర. వేర్వేరు దారుల్లో నడిచిన ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఆ మాటకు బలం ఎక్కువ. మనుషుల ప్రాణాలు ఆధారపడిన రెక్కకు, గాలిమరకు, కేసింగుకు అలాంటి రెండో సాక్ష్యం అవసరం.

అందుకే కాంపోజిట్ల మీద పని చేస్తున్న మన ఇంజనీర్లకూ, వారికి పాఠం చెప్పే అధ్యాపకులకూ ఒక విన్నపం. ఎఫ్ఈఎం పాఠం పూర్తయ్యాక ఒక్క పోగు, దాని చుట్టూ రెజిన్ ఉన్న చిన్న సమస్యను బీఈఎంతో చేయించండి. ఆ ప్రోగ్రామును, ఫలితాన్ని, పెట్టిన అంకెలను అందరికీ అందుబాటులో ఉంచండి. అతుకు తలాన్ని కొలిచే ప్రయోగశాలలూ దాన్ని గణించే బృందాలూ ఒకే నమూనా మీద కలిసి పని చేసేలా చూడండి. ఈ రంగాన్ని ఇప్పుడు ఆపుతున్నది కంప్యూటర్ వేగం కాదు. పోగు రెజిన్‌ను ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పే నమ్మదగిన అంకె మన దగ్గర లేకపోవడమే.